పెరిగే పిల్ల కొలత

మా చిన్నప్పుడు ఆడపిల్లల బట్టల్లో బయటికి కనపడే గుడ్డ కాక, లోపల దాచిన గుడ్డ ఒకటి ఉండేది. పరికిణీ అంచుకు పైన మూడు మడతలు. జాకెట్టు చంకల కింద రెండేసి వేళ్ళ వెడల్పున వదిలిన కుట్టు. చేతుల చివర లోపలికి మలిచిన అంగుళం. కొలత తీసేవాళ్ళు టేపు మీద అంకె చూసి, దానికి ఇంకొంత కలిపి పైకి చెప్పేవాళ్ళు. ఎందుకు కలిపారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: “పెరిగే పిల్ల కదా!”

దర్జీ, అమ్మ, బట్టలకొట్టు గుమాస్తా ముగ్గురూ ఆ మాటను ఒకే ధీమాతో అనేవాళ్ళు. అన్నాక ఇక బేరం లేదు. గుమాస్తా మీటరు బద్ద పక్కన ఇంకో జానెడు వదిలి సర్రున చింపేవాడు. మీటర్లు వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయినా మా నాయనమ్మ గజాల్లోనే అడిగేది. కొట్లో మీటర్లలో కొలిచేవాళ్ళు. ఇంటికొచ్చాక మళ్ళీ అంగుళాల టేపే. ఈ మూడు లెక్కల మధ్య ఒక్కరూ తడబడేవాళ్ళు కాదు.

ఆనాటి ఫొటోలు చూడండి. పండగ పూట వరసగా నిలబెట్టిన పిల్లల్లో ఏ ఒక్కరికీ బట్టలు ఒంటికి సరిపోయి ఉండవు. పెద్దదాని జాకెట్టు భుజాల మీంచి జారుతూ ఉంటుంది, చిన్నదాని పరికిణీ నేల ఊడుస్తూ ఉంటుంది. అది ఎవరి చేతకానితనమూ కాదు. ఆ బట్ట ఆ రోజుకని కుట్టింది కాదు, వచ్చే మూడు సంక్రాంతులకూ కలిపి కుట్టింది.

ఇంట్లో గుడ్డకి కొదవ ఉండేది కాదు, కుట్టిన బట్టకే కొదవ. ఎందుకంటే రవికెల గుడ్డలు వస్తూనే ఉండేవి. నోముకి పిలిస్తే పసుపు కుంకుమతో, తమలపాకులతో పాటు జాకెట్టు ముక్క. సీమంతానికి ముక్క, గృహప్రవేశానికి ముక్క, ఊరికే పలకరించి పోదామని వచ్చిన ముత్తైదువకి కూడా వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి ముక్క. అమ్మ పెట్టెలో అవి పేర్చి ఉండేవి. టూ బై టూ రూబియా ముక్క వస్తే ఉంచుకునేది. గంజి బాగా దట్టించిన పలచటి ముక్కని వేళ్ళ మధ్య నలిపి చూసి, నోటితో ఏమీ అనకుండా “ఇవ్వడానికి” అనే దొంతరలో పడేసేది. ఆ పలచటి ముక్కలు ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతూనే ఉండేవి. మడత మూలన పసుపు వేలిముద్ర పడిన ఒక ఆకుపచ్చ ముక్క మా ఇంట్లోంచి బయల్దేరి, ఎన్ని పేరంటాలు చూసిందో, మళ్ళీ మా ఇంటికే వచ్చింది. అమ్మ దాన్ని గుర్తుపట్టి చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత దాని తిరుగుడికి అడ్డుకట్ట వేసింది మా పిన్నే. “పిల్లకి చెయ్యి తిరగడానికి పనికొస్తాయి” అని ఇవ్వాల్సిన దొంతర మొత్తం ఎత్తుకుపోయింది. నేను కుట్టు నేర్చుకున్నది ఆ ముక్కల మీద.

పిన్ని టైలరింగ్ హయ్యర్ పాసయింది. ఈ మాట ఇప్పటివాళ్ళకి కొంచెం విప్పి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల శాఖ డ్రాయింగుకి, టైలరింగ్-ఎంబ్రాయిడరీకి, చేనేతకి లోయర్, హయ్యర్ అని రెండు మెట్ల పరీక్షలు పెట్టేది. హయ్యర్ గట్టెక్కాక ఎండాకాలంలో 42 రోజుల టీచర్ల శిక్షణ కూడా పూర్తిచేస్తే బడిలో క్రాఫ్టు టీచరు ఉద్యోగానికి అర్హత. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయిన ఆడపిల్లలెందరికో అది చేతికందే దూరంలో ఉన్న సర్టిఫికెట్టు. అంతకుముందు తరంలో ఈ దారి వేసినవాళ్ళలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెప్పాలి. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆవిడే, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు. ఊళ్ళల్లో మహిళా మండలి గది, గదిలో రెండు మూడు కుట్టుమిషన్లు, మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకుని వచ్చిన ఆడవాళ్ళు. మా పిన్ని మొదటిసారి మిషను తొక్కింది అలాంటి గదిలోనే.

ఆవిడ రికార్డు పుస్తకం నేను చాలాకాలం బొమ్మల పుస్తకంలా తిరగేశాను. గోధుమరంగు కాగితాల మీద బొమ్మకి తొడిగేంత చిన్న జాకెట్లు, చిన్న లాల్చీలు కత్తిరించి అంటించినవి. ఒక పేజీలో వరసగా కుట్లు: కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు. ప్రతిదాని కిందా ఎర్ర సిరాతో టీచరు సంతకం. ఒక్క కాజా కింద మాత్రం సంతకం లేదు. “అది ఆవిడకి నచ్చలేదు” అనేది పిన్ని. ఇరవై ఏళ్ళు దాటినా ఆ సంగతి మర్చిపోలేదు.

పిన్నిది ఉషా మిషను. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు రంగు అక్షరాలు, కింద పోత ఇనుప తొక్కుడు పలక. కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ తయారుచేసిన ఆ మిషనుకి దాన్ని నడిపించిన లాలా శ్రీరామ్ తన కూతురి పేరే పెట్టాడు. అంతకుముందు కుట్టుమిషను ఉన్న ఇళ్ళల్లో ఉండేది సింగర్. యంత్రాలంటే అంత కినుక వహించిన గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. 1851లో పేటెంటు పుచ్చుకున్న ఐజక్ సింగర్ గారికి మాత్రం భార్య ఒక్కతే కాదు, సంసారమూ ఒక్కటి కాదు. ఈ కథ గాంధీగారి దాకా చేరలేదు కాబోలు. చేరి ఉంటే మన ఆశ్రమాల్లో కుట్టుమిషన్ల గతి ఏమయ్యేదో.

మిషనుకి తోలు బెల్టు ఉండేది. ఎండాకాలం సాగి, చక్రం మీద జారిపోయేది. దాన్ని కాస్త కత్తిరించి, చివరలకి మళ్ళీ చిల్లులు పొడిచి, తీగ కొక్కెంతో బిగించడం మా బాబాయి పని. ఇంట్లో మిషనుకి సంబంధించి మగవాళ్ళకి వదిలిన పని అదొక్కటే. మిగతాదాన్ని పిన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. నూనె ఎప్పుడూ రాత్రి పడుకోబోయే ముందే వేసేది. పొద్దున్నే లేచి పాత గుడ్డ మీద ఊరికే నాలుగు వరసలు కుట్టి, నూనె మరక దిగడం ఆగిందని చూసుకున్నాక గానీ మంచి గుడ్డ మిషను మీదికి ఎక్కేది కాదు.

1982 ఎండాకాలంలో అక్క పెళ్ళి. ఆ ఏడాది మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టాడు. పంచలో మగవాళ్ళందరికీ అదే ముచ్చట. పెళ్ళిపందిరి గురించి మొదలైన మాట కూడా చివరికి అక్కడే తేలేది. లోపల మా ఆడవాళ్ళ ముచ్చట వేరే. ముహూర్తాలన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి, ఊళ్ళో ఉన్న ఒక్క దర్జీ దగ్గర పెళ్ళిళ్ళ గుడ్డలు గుట్టగా ఉన్నాయి. ఎప్పుడడిగినా “కాజాలు మిగిలాయమ్మా, రేపు రండి” అనేవాడు. పెళ్ళికూతురివి ఆయన కుడతాడు. పెద్దవాళ్ళవి పిన్ని కుడుతుంది. మిగిలింది నేను. “దానిది అదే కుట్టుకుంటుంది” అంది పిన్ని, నన్ను అడక్కుండానే. అమ్మ ఒక్క క్షణం పిన్ని వంక చూసింది. పెళ్ళిలో నలుగురి ముందూ తిరిగే పిల్ల, పట్టు పరికిణీ. చిన్న సంగతి కాదు.

పట్టు కూడా కొత్తది కాదు. పెట్టుబడి బట్టలకే అయిపోయింది డబ్బంతా. నాయనమ్మ తన కంచిపట్టు చీర తీసి ఇచ్చింది. వంగపండు రంగు, చిలకపచ్చ అంచు. పాత పట్టుతో వచ్చే చిక్కు ఏమిటంటే అది మడతల దగ్గర చీలుతుంది. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద పెట్టెలో ఉన్న చీర ఆ గీత వెంబడి పెళుసెక్కి, విప్పగానే పటుక్కుమంటుంది. అందుకే మా నాయనమ్మ ఏడాదికోసారి, శ్రావణమాసం ముందు, చీరలన్నీ తీసి మడతలు మార్చి పెట్టేది. అయినా ఈ చీర చాలాచోట్ల పోయింది. అంచు మాత్రం పోలేదు. కంచి నేతలో అంచునీ ఒంటినీ వేరువేరు నాడెలతో నేసి, పోగు పోగు మెలేసి కలుపుతారు. ఒళ్ళు చిరిగినా అంచు ఊడదని నేతగాళ్ళు గొప్పగా చెప్పుకునేది దీన్ని చూసే. అక్కడి మగ్గాల మీద కూర్చున్నవాళ్ళలో తెలుగు మాట్లాడే దేవాంగులూ ఎంతోమంది. అది తెలిసిన నాయనమ్మ తన చీరని “మనవాళ్ళు నేసింది” అనేది, ఊళ్ళో నేసినట్టే.

ఆ చీర మా చేతికి రావడమే ఒక అదృష్టం. అప్పట్లో వీధుల్లో “పాత పట్టుచీరలు కొంటాం, పాత జరీ కొంటాం” అని అరుచుకుంటూ ఒకాయన వచ్చేవాడు. పట్టుపోగుకి వెండి తీగ రేకుని చుట్టి, దానికి బంగారు నీరు పట్టిస్తే అసలు జరీ. చీరని కాల్చి వెండి తీసుకునేవాడన్నమాట. అంచు మీద గోటితో గీకి, రంగు చూసి, కళ్ళతోనే తూకం వేసి ధర చెప్పేవాడు. మా వీధిలో ఎన్ని పెళ్ళిచీరలు అలా బూడిదయి వెండిగా మారాయో. నాయనమ్మ ఆయన్ని ఒక్కసారీ గుమ్మం ఎక్కనివ్వలేదు.

పిన్ని చీరని కిటికీకి ఎదురుగా చాపి పట్టుకుంది. వెలుగు అవతలినుంచి వచ్చేటప్పుడు ఎక్కడ పోగు పలచబడిందో తెలిసిపోతుంది. ఆ చోట్లన్నీ నన్ను గుర్తులు పెట్టమంది. దర్జీల సుద్ద మాకెక్కడిది? అరిగిపోయిన తెల్ల సబ్బు ముక్క. దాని అంచు సన్నగా పదునెక్కి ఉంటుంది, పట్టు మీద గీత చక్కగా పడుతుంది, తడిగుడ్డతో పోతుంది. ఎర్ర లైఫ్‌బాయ్ ముక్క మాత్రం పనికిరాదు. ఆరు గజాల్లో చీలిక లేని మూడు గజాలు ఒకచోట దొరికాయి. ఇక లెక్క మొదలైంది. చీర పన్నా 48 అంగుళాలు. పై అంచు రెండంగుళాలు కోసేసి జాకెట్టు చేతులకి పక్కన పెట్టాం. మిగిలింది 46. నా నడుం దగ్గర్నుంచి మడమ దాకా 38. ఇంకా 8 అంగుళాలు ఉంది. అందులో రెండు నడుం పట్టీలోకి పోతాయి. మిగిలిన ఆరుకి మూడు మడతలు. ఒక్కో మడత లోతు అంగుళమే అయినా తినేది రెండంగుళాలు. విప్పినప్పుడు ఇచ్చేదీ రెండే.

కోసి పారేస్తే లెక్క తేలికే. కోయకుండా లోపల దాచాలంటేనే ఇంత తతంగం. “నీకు పదిహేనేళ్ళు. ఎంత పెరుగుతావో నీకే తెలీదు, నాకెట్లా తెలుస్తుంది? వదిలి పెట్టుకోవాలి” అంది పిన్ని. పెద్దయ్యాక చాలాసార్లు నా గురించి చాలామంది చాలా చెప్పారు, ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు.

పట్టు మీద సూది దిగిన చోటు మానదు. నూలు గుడ్డయితే కుట్టు విప్పి తడిపి ఇస్త్రీ చేస్తే చిల్లులు పూడిపోతాయి. పట్టు అలా కాదు, సూది మొనంత కన్ను తెరుచుకునే ఉండిపోతుంది. కాబట్టి మిషను దగ్గరకి వెళ్ళేలోపే అంతా తేలిపోవాలి. ముందు చేత్తో కచ్చా కుట్టు, అదీ కుట్టు పడబోయే గీత మీద కాదు, దానికి పక్కన, తర్వాత లోపలికి పోయే భాగంలో. మడతలకి మాత్రం పిన్ని మిషను వద్దంది. సన్న సూది, పట్టుదారం, బారు కుట్టు. ఏడాదికోసారి విప్పేవి కదా, కన్నాలు ఎంత తక్కువైతే అంత మంచిది. నడుం దగ్గర కుచ్చిళ్ళు పడేటప్పుడు ఇంకో కిటుకు చూపించింది. సబ్బు గుర్తులు పడిన బలహీనమైన చోట్లన్నీ కుచ్చులో లోపలివైపు మడతకి వచ్చేలా లెక్కేసి పెట్టించింది. పరికిణీ పూర్తయ్యాక చూసినవాళ్ళకి ఒక్క పలచటి చోటూ కనపడలేదు. నాకు తప్ప.

దారం కోసం చీరాల వెళ్ళాం. దారం కోసమే కాదు, పెళ్ళిబట్టలన్నిటికీ చీరాలే. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా గుడ్డ కొనాల్సింది అక్కడే. నేత ఊరు, పైగా గుడ్డల బజారు. పెద్దవాళ్ళు పంచెల కొట్లో గంటలు గంటలు కూర్చుంటే, నేను గుడ్డ పీలిక చేతిలో పట్టుకుని ఫ్యాన్సీ కొట్టు గుమ్మంలో నిలబడ్డాను. లోపల ట్యూబులైటు కింద దారం రంగు చూడకూడదు. రీలు తీసుకుని బయటి ఎండలోకి వచ్చి, గుడ్డ మీద ఒక పోగు పరిచి చూడాలి. వంగపండు రంగు అనేది నీడలో ఒకటి, ఎండలో మరొకటి. కొట్టువాడు ఎన్ని రీళ్ళు తీసినా విసుక్కోలేదు. అలా విసుక్కోని కొట్టువాళ్ళు అప్పట్లో చాలామంది ఉండేవాళ్ళు. దారం రీలు అమ్మితే వాళ్ళకి మిగిలేది పావలా కూడా కాదు.

జాకెట్టు చీర కొంగులోంచి వచ్చింది. లోపలి లైనింగుకి నాన్న పాత మల్లు పంచె. కొత్త లైనింగు గుడ్డయితే రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పై గుడ్డని ముడతలు పట్టిస్తుంది. ఎన్నో ఏళ్ళు ఉతికిన పంచెకి ఆ భయం లేదు, కుంచించుకోవాల్సిందంతా ఎప్పుడో అయిపోయింది. బుట్ట చేతులు పెట్టాలని నా కోరిక. అప్పటికే ఆ మోజు పాతబడింది, ‘మిస్సమ్మ’ నాటిది అని ఎగతాళి చేశారు. పిన్ని మాత్రం పెట్టమంది. బుట్ట చేతుల్లో గుడ్డ ఎక్కువ పడుతుంది, రేపు చెయ్యి లావయితే ఆ గుడ్డ విప్పుకోవచ్చని ఆవిడ లెక్క. నాకు సోకు, ఆవిడకి పొదుపు. ఇద్దరికీ ఒకే కుట్టులో పని జరిగింది.

మెడకి పైపింగు పెట్టడం, కటోరీ కోయడం, చంకలో గుడ్డ పట్టకుండా గుండ్రం తిప్పడం లాంటివి చెబితే కుట్టు తెలియనివాళ్ళకి విసుగు, తెలిసినవాళ్ళకి అనవసరం. హుక్కుల సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. హుక్కు ఎదురుగా లోహపు కన్ను కుట్టేవాళ్ళు దర్జీలు. పిన్ని దారంతోనే కన్ను అల్లించేది, నాలుగు పోగులు వేసి వాటి చుట్టూ కాజా కుట్టు. లోహపు కన్ను చిలుము పట్టి పట్టుని తినేస్తుందని. రికార్డు పుస్తకంలో సంతకం పడని కాజా కసి నా మీద తీర్చుకుందేమో, ఒక్కో కన్నూ భూతద్దం కింద పెట్టినంత నిశితంగా చూసింది.

ఇస్త్రీకి బొగ్గుల పెట్టె. పట్టు మీద నేరుగా పెట్టకూడదు, మీద తడి మల్లుగుడ్డ పరవాలి. బొగ్గుతో పాటు కొబ్బరి చిప్పలు వేస్తే వేడి నిలుస్తుంది కానీ నిప్పురవ్వ లేస్తుంది, అందుకని పట్టు రోజున చిప్పలు నిషేధం. నాయనమ్మకి ఈ పెట్టె మీద కూడా నమ్మకం లేదు. ఆవిడ చిన్నతనంలో ఇత్తడి చెంబులో నిప్పులు పోసి చీర మీద దొర్లించేవాళ్ళట. అదీ కాకపోతే పరుపు కింద పెట్టుకుని రాత్రంతా పడుకోవడం. నా పరికిణీకి ఆ రెండూ జరిగాయి.

పెళ్ళి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పెళ్ళిళ్ళన్నీ ఒకలాగే జరుగుతాయి. వడ్డన పంక్తిలో నిలబడ్డప్పుడు ఒకావిడ అంచు పట్టుకుని తిప్పి చూసింది. ఆ రోజుల్లో మెచ్చుకోవాలంటే పైవైపు చూసేవాళ్ళు కాదు, అంచు ఎత్తి లోపలివైపు చూసేవాళ్ళు. “ఎవరు కుట్టారు?” అంది. నేనే అన్నాను. ఆవిడ మా అమ్మ వంక తిరిగి, “ఇంత వదిలావేం? ఇంకా పెరుగుతుందంటావా?” అంది.

పెరిగాను. మొదటి మడత ఆ మరుసటి ఏడాదే విప్పారు. విప్పిన చోట రంగు ముదురుగా, కొత్తగా ఉంది. మిగతా పరికిణీ వెలిసిందని అప్పటిదాకా ఎవరికీ తెలియనే లేదు. సూది కన్నుల గీత కనపడకుండా దాని మీద సన్న జరీ దారం పరిచి కుట్టింది పిన్ని. రెండోది విప్పాక రెండు జరీ గీతలు. ఏ పరికిణీకి ఎన్ని గీతలున్నాయో చూసి పిల్ల ఎన్నేళ్ళు తొడిగిందో చెప్పేయొచ్చు. మూడోది నేను విప్పలేదు. అప్పటికి చీరల్లోకి వచ్చేశాను. పిన్ని కూతురికి వెళ్ళింది, అదే ముందు కుదించి, తర్వాత ఆ మూడో మడత విప్పుకుంది. చివరికి పట్టు ఇక ఓపలేనంటే అంచు మాత్రం కోసి దిండు గలీబులకి కుట్టారు. మిగిలిన పీలికలు బొంతలోకి. బొంతలు కుట్టేవాళ్ళు ఇప్పుడు లేరు గనక ఆ బొంతని ఎవరూ పారేయడం లేదు, కప్పుకోవడమూ లేదు.

ఇదంతా అందంగా చెబుతున్నానని నాకే అనుమానం వస్తోంది. ఆ కుట్టు వెనక ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో లెక్క కట్టినవాళ్ళు లేరు. పిన్ని బడినుంచి వచ్చి, వంట చేసి, రాత్రి పదింటికి మిషను ముందు కూర్చునేది. నలభై దాటకుండానే సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవడం మొదలుపెట్టింది. వెన్నునొప్పి ఆవిడని చివరిదాకా వదల్లేదు. దర్జీకి ఇవ్వాల్సిన డబ్బు మిగిలిందని మేం సంబరపడ్డాం. ఆ మిగులు ఆవిడ కళ్ళలోంచి వచ్చింది. ఎనభైలు ముగిసేసరికి పంజాబీ డ్రెస్సులు, మిడీలు, హ్యాంగర్ల మీద వేలాడే రెడీమేడ్లు మా బజారుకీ వచ్చాయి. అందరికంటే ముందు వెళ్ళి కొనుక్కుంది పిన్ని కూతురే. పిన్ని వద్దనలేదు. మిషను మీద గుడ్డ కప్పింది, గుడ్డ మీద టేబులు ఫ్యాను పెట్టింది.

ఇప్పుడు పట్టు లంగా ఓణీ రోజువారీ బట్ట కాదు, ఒక్కరోజు బట్ట. మేనమామ తెచ్చిన ఓణీ వేసి ఇంట్లో పది మంది మధ్య జరిపిన వేడుక, కల్యాణమంటపాల్లో హాఫ్ శారీ ఫంక్షన్ అయింది. జాకెట్టు మీద మగ్గం వర్కు, పూసలు, కుందన్లు. ఆ బరువుతో ఉన్న జాకెట్టుని విప్పి పెద్దది చేయాలంటే పూసల వరస తెగుతుంది. లంగా ఒంటికి సరిగ్గా అతుక్కునేలా కోస్తారు, మిగిలిన గుడ్డని ఓవర్‌లాక్ మిషను కుడుతూనే కోసేస్తుంది. ఈ పిల్ల మళ్ళీ దాన్ని తొడుగుతుందని కుట్టేవాడూ అనుకోడు, కుట్టించుకునేవాళ్ళూ అనుకోరు. ఫొటోల్లో మాత్రం మాకంటే వీళ్ళే చక్కగా ఉంటారు. అందులో వాదన లేదు.

అమెరికా ఫంక్షన్ల సంగతి కొంచెం వేరు. ఇక్కడ బొటీక్‌లో కుట్టించి అక్కడికి పంపే బట్టలకి కొలతలు వీడియోలో తీసుకుంటారు. టేపు పట్టుకునేది తల్లి, అంకె రాసుకునేది ఇక్కడి టైలరు. పార్సెల్ వెళ్ళేలోపు, ముహూర్తం వచ్చేలోపు పిల్ల ఎంత సాగుతుందో చెప్పలేరు. అందుకని తెలివైన టైలర్లు విదేశాల ఆర్డర్లకి చంకల కింద మళ్ళీ గుడ్డ వదులుతున్నారు. మా మేనకోడలు డాలస్‌లో ఉంటుంది. కూతురి ఓణీల ఫంక్షన్ రేపనగా ఫోను చేసింది. జాకెట్టు పట్టడం లేదు, హుక్కులు పెట్టుకుంటే పిల్ల ఊపిరి తీసుకోలేకపోతోంది, ఆల్టరేషన్ షాపులో వారం పడుతుందన్నారు.

“లోపలివైపు తిప్పి చూపించు” అన్నాను. తిప్పింది. పక్క కుట్టు పక్కన ఇంకో కుట్టు, దానికవతల అంగుళమున్నర గుడ్డ.

“రెండు కుట్లున్నాయా?”

“మూడున్నాయి అత్తా.”

“లోపలి దాన్ని విప్పు. నడుం దగ్గర మొదలుపెట్టు, చంక దగ్గర కాదు. పోగు పట్టుకుని లాగకు, రెండు మూడు కుట్లకోసారి తెంపు. బ్లేడు మాత్రం వద్దు, చిన్న కత్తెర తీసుకో.”

వాళ్ళింట్లో చిన్న కత్తెర లేదు. గోళ్ళు కత్తిరించుకునేది తెచ్చుకుని, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి కూర్చుంది.